ఏడంగుళాలు

కత్తెర కింది గీత మీదికి మలుపు తిరిగేసరికి గుండీల సొరుగులో ఫోన్ గొణిగింది.

ముసలాయన విన్నాడు. విని కూడా చెయ్యి ఆపలేదు. నల్లటి ఉన్నిగుడ్డ మీద సుద్దగీత వెంట కత్తెర సాగిపోతూనే ఉంది. నడుమ ఆపితే అంచు చెదురుతుందని ఆయన నమ్మకం. ఫోన్ ఇంకో రెండుసార్లు గొణిగి ఊరుకుంది. ఎవరో ఏదో అమ్ముకునేవాళ్ళయి ఉంటారులే అనుకున్నాడు. అనుకున్నాడే గానీ లోపలెక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. గీత చివరిదాకా కోసి, మిగిలిన ముక్కను మడతపెట్టి పక్కన ఉంచి, అప్పుడు సొరుగు లాగాడు.

మనవరాలు పంపినవి మూడు కొత్త మెసేజ్ ముక్కలున్నాయి.

"నిలువు మోకాలి దాకే చూశా."

"ఇంకా కిందికి కావాలంట."

"7 కలుపు."

కళ్ళద్దాలు తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఏడు ఏడుగానే ఉంది.

ఆ దుకాణంలో కొలతలకు ఒక పద్ధతి ఉంది. ఒకరు టేపు పట్టి పైకి చెప్పాలి. రెండోవారు అదే మాట తిరిగి చెప్పాలి. అవునన్నాకే చీటీ మీద రాయాలి. చీటీ కోత బల్ల మీదికి వచ్చిందంటే ఇక దానికి చేర్చేదీ, దాన్నుంచి తీసేదీ ఉండదు. వీధంతా మూగ మాస్టరని పిలిచే ఆ ముసలాయన రోజు మొత్తంలో మాట్లాడే మాటలు ఇంచుమించు ఆ కొలతలే. తక్కినదంతా తల ఊపడం, కనుబొమ్మ ఎగరేయడం, సుద్దతో ఒక గీత గీయడం.

ఈ కోటు దగ్గర పద్ధతి తప్పింది. కోటు అడిగినావిడ మగ్గం మామ్మ. తుంటి విరిగి, ఈమధ్యే కర్ర పట్టుకుని లేచి నిలబడుతోంది. రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో ఉంటుంది. గుడ్డ ఆవిడే నేసింది. వేళ్ళు బిగుసుకుపోయి మగ్గం అమ్ముకునే ముందు దాని మీంచి దింపిన ఆఖరి గుడ్డ. పన్నెండో తారీఖున రైలెక్కి, మంచు పడే చోట ఉన్న అక్క దగ్గరికి వెళ్ళాలి. ఆ ప్రయాణం కోసమే దాచుకుంది. అలాంటి గుడ్డ మళ్ళీ కావాలంటే ఏ బజారులోనూ దొరకదు.

కుట్టు మెషిను మీద కూర్చున్న మాస్టరు కూతురికి లేచే తీరిక లేదు. సెలవు రోజు కదా అని పదహారేళ్ళ మనవరాలి చేతికి టేపిచ్చి పంపారు. పిల్ల కొలిచింది కొలిచినట్టు దుకాణం ఫోన్‌కి పంపింది. నిలువు, ఛాతీ, భుజం, చేతులు. నాలుగు అంకెలు వచ్చాయి. కోటుకి నాలుగు చాలు. చీటీ వచ్చేసిందనుకున్నాడు మాస్టరు. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడేది పదకొండు నుంచి ఒంటిగంట దాకానే. నల్లగుడ్డకి ఆ వెలుతురే కావాలి. ఫోన్ సొరుగులో పడేసి సుద్ద అందుకున్నాడు.

పిల్ల గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "తాతా, మామ్మ బిస్కెట్లు పెట్టింది, నీకూ రెండు తెచ్చా..." బల్ల మీద ముక్కలు చూసి ఆగిపోయింది. "అప్పుడే కోసేశావా?"

ఆయన ఫోన్ ఆమె వైపు తోశాడు.

"పంపాను కదా! ఏడు కలుపు అని ఉంది చూడు. టైము కూడా ఉంది, పన్నెండూ నాలుగు."

"మొదటివి?" అన్నాడాయన.

"పదకొండూ ఇరవై."

మెషిను ఆగింది. కూతురు తల తిప్పి, "మధ్యలో ముప్పావుగంట ఏం వెలగబెట్టావే?" అంది.

"నా ఫ్రెండ్ ఏడుస్తూ మెసేజ్ పెట్టింది. రిప్లై ఇవ్వకపోతే ఇంకా ఏడుస్తుంది. ఈలోగా మామ్మ పొడుగు చాలదంది. కాసేపు కూర్చుని, మళ్ళీ ఓపిక చేసుకుని లేచింది. మళ్ళీ కొలిచా, పంపా. అందరూ అలాగే పంపుతారమ్మా, ఒక్కో ముక్కా వెళ్తుంటుంది. అవతలివాళ్ళు ఆగాలి కదా!"

"ఎంతసేపని ఆగాలి? అయిపోయిందని తెలిసేదెలా?"

"తెలుస్తుంది."

"ఎలా తెలుస్తుందే?"

"అబ్బా, పైన టైపింగ్ అని వస్తుంది కదా!"

"మీ తాత కత్తెర చేత్తో పట్టుకుని, పైన ఏమొస్తోందో చూస్తూ కూర్చుంటాడా? మీ మేడం ఊరికే అనలేదు. పరీక్షలో జవాబు రాయమంటే మూడు మాటలు పడేసి, తక్కినవి ఆవిడే ఊహించుకోవాలన్నట్టు రాస్తున్నావట."

పిల్లకి రోషం వచ్చింది. "తాత మాత్రం? నేను ఫోన్‌లో అయినా చెప్తాను. ఆయన కనుబొమ్మతో చెప్తాడు. ఒక కనుబొమ్మ ఎత్తితే దారం, రెండూ ఎత్తితే టీ. రెండూ ఎత్తి తల తిప్పితే ఏంటో నీకూ తెలీదు, నాకూ తెలీదు!"

కూతురికి నవ్వొచ్చి, పళ్ళ మధ్యనున్న దారం జారిపోయింది. మాస్టరు నవ్వలేదు. ఫోన్ గొణిగినప్పుడు కత్తెర ఎక్కడుందో ఆయనకు అంగుళంతో సహా తెలుసు. కింది గీత మీద అప్పుడే రెండంగుళాలు వెళ్ళింది. ఆగి సొరుగు లాగి ఉంటే చిన్న గాటుతో పోయేది. ఆ సంగతి ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. యాభై ఏళ్ళలో గుడ్డ పాడుచేశాడన్న మాట ఆయన మీద ఒక్కటీ లేదు.

కూర్చోబుద్ధి కాలేదు. వీధి గుమ్మం దాకా వెళ్ళాడు, వచ్చాడు. టీ చల్లారిపోయింది. బల్ల మీద ముక్కలు సర్దాడు, సర్దినవే మళ్ళీ సర్దాడు.

"చెప్పేశా" అంది పిల్ల కాసేపటికి.

"ఎవరికి?" అంది తల్లి.

"మామ్మ కోడలికి. ఆంటీ, కోటులో చిన్న ప్రాబ్లం, సారీ అని పెట్టా. బొటనవేలు వచ్చింది."

"ఎవరి బొటనవేలు?"

"ఆంటీదే. సరే అని."

"దేనికే సరే? ప్రాబ్లమేంటో నువ్వు చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఇల్లంటుకుందన్నా ఇదే వేలు చూపిస్తారేమో. వెళ్ళు, వెళ్ళి మామ్మకి నోటితో చెప్పు."

"వెళ్తాలే."

"ఏమని చెప్తావో ముందు నాకు చెప్పు."

పిల్ల నోరు తెరిచింది. "మామ్మా, అదీ... కోటు ఉంది కదా... అంటే..." చెయ్యి గాల్లో తిప్పింది. ఆ చేతికి కూడా ఏం చెప్పాలో తెలిసినట్టు లేదు.

మాస్టరు చీటీల కట్ట లోంచి తెల్లకాగితం ఒకటి లాగి, పెన్నుతో సహా ఆమె ముందు పెట్టాడు. "రాయి. రాసి తీసుకెళ్ళు."

పిల్ల కాగితాన్ని ఈసడింపుగా చూసింది. పెన్ను పట్టుకున్న చేతి బొటనవేలు, తుడిపేసే మీట కోసం వెతికినట్టు ఉత్తినే కదులుతోంది. రెండు నిమిషాల్లో ఇచ్చేసింది. "కోటు పొట్టి అయింది. సారీ మామ్మా. కావాలని కాదు. ప్లీజ్."

మాస్టరు కూడబలుక్కుని చదివాడు. చదివి, కొలత తిరిగి చెప్పినట్టే తనకు అర్థమైంది తిరిగి చెప్పాడు. "కోటు ఉతికారు. కుంచించుకుపోయింది."

"నేనలా రాయలేదు!"

"ఎలా పొట్టయిందో లేదు."

రెండో కాగితంలో 'కోసేశాం' అని వచ్చింది. "కోటు కుట్టాక కోశారు" అన్నాడాయన. మూడోదానిలో ఎవరు కోసిందీ లేదు. నాలుగోదానిలో ఏడంగుళాలు ఎటు పోయాయో తెలియలేదు. పిల్ల లేచి నిలబడింది, కూర్చుంది, జడ ముందుకు లాక్కుని నమిలింది. వేళ్ళు నొప్పన్నది. ఫోన్‌లో అయితే ప్రతి ముక్కకీ టైము దానంతటదే పడుతుంది. కాగితం మీద ఏది ముందో, ఏది తర్వాతో, దేనివల్ల ఏది జరిగిందో తనే చెప్పాలి. "దీనికన్నా కోటు కుట్టడమే తేలిక" అంది.

"అది నువ్వెప్పుడు కుట్టావే?" అంది తల్లి మెషిను మీంచి.

అయిదో కాగితం నిండింది. వెనక వైపు కూడా నాలుగు వరుసలు పోయింది. ఫ్రెండ్ ఏడ్చిన సంగతి కూడా ఉంది. నాలుగు అంకెలు పంపి ఊరుకున్నందున తాత అంతా వచ్చేసిందనుకున్నాడనీ, అలా అనుకోవడం సబబేననీ ఉంది. చివర ఇలా ఉంది: "తప్పంతా నాది. తర్వాత పంపింది తాత చూసే వీలు లేదు."

మాస్టరు మొదటినుంచీ ఒక్కో సంగతీ తిరిగి చెప్పుకుంటూ వచ్చాడు. అన్నీ సరిపోయాయి. ఆఖరి వరుస దగ్గరికి వచ్చేసరికి, "తాత చూసే..." అని ఆగిపోయాడు.

"ఏం తాతా? ఇందులో కూడా ఏదో లేదా?"

ఆయన కనుబొమ్మలు రెండూ లేచాయి. తల పక్కకు తిరిగింది. కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి, కోసిన ముక్కలన్నీ మూటగట్టి చంకన పెట్టుకున్నాడు. "పద."

"నువ్వూ వస్తున్నావా!"

దారి పొడుగునా మూట ఈ చంక నుంచి ఆ చంకకి మారుస్తూనే ఉన్నాడు. మెట్లెక్కుతుంటే పిల్ల జేబులో ఫోన్ గొణిగింది. ఆయన అడుగు తడబడింది. రెండో అంతస్తు మలుపులో పిల్ల నిలబడి టకటకా కొడుతోంది.

"ఎవరికి?"

"ఫ్రెండ్‌కి. భయమేస్తోందని చెప్తున్నా."

పక్కన నేనున్నానుగా అందామనుకున్నాడు. ఇంకో మాట కూడా అక్కడే, ఆ మెట్టు మీదే చెప్పేద్దామనుకున్నాడు. పైనెవరో తలుపు తీశారు. మింగేశాడు.

మామ్మ కిటికీకి ఎదురుగా కుర్చీలో ఉంది. గదిలో ఒకవైపు నేల మీద నాలుగు గుంటలున్నాయి, మగ్గం కాళ్ళు ఆనిన చోట. మాస్టరు మూట విప్పి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ గుడ్డ కొసంతా వేళ్ళతో తడిమి, ఒకచోట ఆగి, "ఇది నేను చెప్పిన పొడుగు కాదే" అంది.

పిల్ల కాగితం అందించబోయింది.

"నా కళ్ళకి అక్షరాలు ఆనవమ్మా. నువ్వే చదువు."

మొదటి రెండు వరుసలు దడదడా వచ్చాయి. "రైలు తప్పిపోతోందా? మెల్లిగా" అంది మామ్మ. పిల్ల ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదటికి వచ్చింది. ఈసారి మాట మాటా వినిపించింది. ఏడంగుళాల దగ్గర మామ్మ చెయ్యి గుడ్డ మీద బిగుసుకుంది.

"తప్పంతా నాది. తర్వాత పంపింది తాత చూసే వీలు లేదు."

"ఉంది" అన్నాడు మాస్టరు.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"ఫోన్ మోగింది. కింది గీత అప్పుడే మొదలెట్టా. రెండంగుళాలు వెళ్ళింది." ఒక్కో ముక్కా ఊడబెరికినట్టు వస్తోంది. "విన్నాను. ఆపలేదు."

పిల్ల చేతిలో కాగితం కిందికి జారింది. "విన్నావా? మరి నన్ను అయిదు కాగితాలు రాయించావు! ఇందాకట్నించీ నేనేదో హత్య చేసినట్టు... నా వేళ్ళు చూడు, ఇదిగో!"

"ఉండవే" అంది మామ్మ. గుడ్డను ఒళ్ళో పరిచి అరచేత్తో నిమిరింది. "ఎనిమిది నెలలు నేశాను ఇది. రోజుకి జానెడు కూడా సాగేది కాదు. ఇద్దరికిద్దరూ బాగానే ఉన్నారు. ఒకళ్ళకి చెప్పడం రాదు, ఇంకొకళ్ళకి వినడం రాదు." తర్వాత పిల్ల కేసి చూసి, "ఇప్పుడేం చేస్తారు దీన్ని?" అంది.

పిల్ల తాత వైపు చూసింది. ఆయన నేలమీది గుంటలు చూస్తున్నాడు. తనే గుడ్డ అందుకుంది. "మిగిలిన ముక్క ఉంది మామ్మా. అతుకు వెయ్యొచ్చు. కింద వేస్తే పొట్టయితే అతికారని అందరికీ తెలిసిపోతుంది. అదే నడుం దగ్గర కోసి, ఆ ముక్కలోంచి ఏడంగుళాల పట్టీ తీసి మధ్యలో పెట్టి, పైన బెల్టు వేశామనుకో, కావాలని పెట్టినట్టుంటుంది. కాకపోతే ఇంకోసారి కత్తెర వెయ్యాలి."

"అతుకు ఎక్కడున్నా నాకు తెలుస్తూనే ఉంటుంది. నేసిందాన్ని. రైల్లో మోకాళ్ళకి చలి తగలకపోతే చాలు. నడుం దగ్గరే వెయ్యండి. అయితే ఒకటి. ఇకమీదట నా గుడ్డ మీద కత్తెర పడేముందు ఎవరో ఒకరు ఇక్కడికొచ్చి, ఏం కోస్తున్నారో నాకు చెప్పాలి. పని అయ్యేదాకా, రోజూ."

"రోజూనా? మూడంతస్తులు మామ్మా! వాయిస్ పెట్టనా?"

"పెట్టు. మా కోడలు అది నాకు వినిపించేసరికి కోటు పాతబడిపోతుంది. మీరేమంటారు మాస్టారూ?"

మాస్టరు తల ఊపాడు.

"మీ వెనక వెలుతురు. మీ తల నాకు నల్లగా తప్ప కనపడదు. నోటితో చెప్పండి."

"సరేనమ్మా."

"ఏది సరే?"

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మూటగుడ్డ మడతపెట్టాడాయన. "కోసేది నేను. నేనే వచ్చి చెప్తాను."

"నువ్వా తాతా?" అంది పిల్ల. "నువ్వు చెప్పడం అయ్యేసరికి పన్నెండో తారీఖు దాటిపోతుంది."

మామ్మ కర్రతో ఎదురు స్టూలు చూపించింది. ఆయన దాని అంచు మీద కూర్చున్నాడు. "రేపు పదకొండింటికి," అని మొదలుపెట్టాడు. "ముందు భాగాలు... కాదు. ముందు వెనక భాగం తీస్తాను. నడుం దగ్గర గీత గీసి..."

అక్కడ మాట దొరకలేదు. గాల్లో వేలితో గీత గీయబోయి, వెనక వెలుతురు గుర్తొచ్చి చెయ్యి దించేశాడు. మామ్మ ఏమీ అందించలేదు. పిల్ల అందించబోతే కర్ర కొసతో దాని కాలు తాకించింది. ఆయన మెడ తుడుచుకుని, ఆ గీత గురించే మళ్ళీ మొదటినుంచీ చెప్పసాగాడు.