నా చేతి కారం

కిరండూల్ క్వార్టర్లలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా కారణాలు రెండే. ఒకటి ఇనుపగనుల నుంచి పారే ఎర్రనీళ్లు, రెండోది పెళ్లాం వంట. మా ఇంట్లో ఎర్రనీళ్ల ఊసే లేదు, తప్పంతా నా వంటదే. మా ఆయన రాజేశ్వరరావు ఆరేళ్లుగా కడుపునొప్పితో, రక్త విరేచనాలతో చిక్కి సగమయ్యాడు. మా అత్తగారు అప్పలకొండమ్మ కుళాయి దగ్గర అందరికీ చెప్పేది: "మా కోడలి సేతి కారమే నా కొడుకుని తినేస్తంది."

ఆవకాయ జాడీ అటకెక్కించాను. అప్పట్నుంచీ అందరికీ చప్పిడి కూరలే వండాను. జబ్బు తగ్గలేదు. క్షయ అన్నారు, తొమ్మిది నెలలు ఆ మందులు మింగించారు. కొండ మీద గనిలో డంపర్ నడిపే మనిషి మంచం దిగలేకపోయాడు.

చివరికి రాయపూర్ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు రిపోర్టులన్నీ తిరగేసి, "క్రోన్స్ అనే పేగుజబ్బు అని నా అనుమానం. క్షయా ఇదీ ఒకేలా కనిపిస్తాయి. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే ప్రాణం మీదికొస్తుంది. మీ వంశంలో ఎవరికైనా ఇలా ఉండేదా?" అని హిందీలో అడిగాడు.

అత్తగారు లేదని తల ఊపింది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ తమ్ముడు ఎండదెబ్బతో పోయాడని పెళ్లయిన నాటి నుంచీ వింటున్నాను. పోయే ముందు మూడేళ్లు పథ్యం తిన్నాడని ఆవిడే ఓసారి నోరు జారింది.

"అత్తా, ఎండదెబ్బ తగిలిన మనిషికి మూడేళ్లు పథ్యం ఎందుకు పెట్టారు?"

ఆవిడ కొడుకు వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆడికీ ఇదేనే. మా మేనత్తకీ ఇదే. ఇంటి ఆడపిల్లలకి సంబందాలు రావని, ఎవరికీ సెప్పొద్దని మా నాన్న ఒట్టేయించుకున్నాడు."

డాక్టరు కాగితం మీద వంశవృక్షం గీశాడు. కొందరి జన్యువుల్లో చిన్న తేడాలుంటాయట. అవి ఉన్న అందరికీ జబ్బు రాదు, కాని వచ్చే ముప్పు ఎక్కువ. కారం మంట పెంచుతుందేమో గాని జబ్బును పుట్టించదట. ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను. పేగుముక్క మళ్లీ పరీక్షకు పంపి, అనుమానం తీరాక మందు మార్చాడు.

అయిదు నెలలకి మా ఆయన డ్యూటీ బస్సెక్కి కొండ మీదికి వెళ్లాడు. ఆ పొద్దున నేను బిందె తీసుకుని వెళ్లేసరికి కుళాయి దగ్గర అత్తగారి గొంతు వినిపిస్తోంది.

"నా కోడలి సేతిలో ఏ దోసమూ నేదు. జబ్బు మా పుట్టింటి రగతంలో ఉంది. ఆరేల్లు దాన్ని ఊరికే ఆడిపోసుకున్నాను."

గెలిచాను. బిందె కింద పెట్టి అందరి ముందూ ఏడ్చాను.

సాయంత్రానికి ఆవిడే జాడీ దింపించి కడిగింది. గీదం సంత నుంచి మామిడికాయలు కూడా తెప్పించింది.

"ఆడికి ఎయ్యకు," అంది. "నాకు మాత్రం కారం తగ్గించకు. రెండేల్లయింది, నోరు సచ్చిపోయింది."