పళ్ళూడిన కుక్కపిల్ల

ఆ కుక్కపిల్లతో హన్మమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. మొగుడు ఈరన్న చెప్పులు కొరికింది, గొంగడి అంచు పీకింది, కొత్తకోటలో కొన్న సెల్లు చార్జరు వైరును రెండు ముక్కలు చేసింది. గొర్రెల మందకు కాపలా ఉంటుందని తన తమ్ముడు మద్దిలేటి ప్రేమగా ఇచ్చిన పిల్లాయె, ఆమె తిట్టలేక, కొట్టలేక చచ్చేది.

ఆ పొద్దు అది కొరుకుతున్న కట్టెకు నెత్తురంటింది. పక్కనే బియ్యపు గింజంత పన్ను పడి ఉంది. ఈరన్న దాని నోరు విప్పి చూశాడు. ముందర రెండు పళ్ళు లేవు, ఇంకోటి ఊగుతోంది.

ఇక మొదలుపెట్టాడు. పళ్ళు చూసి గొర్రె వయసు చెప్పడంలో తనంతవాడు సంతలోనే లేడని ఆయన నమ్మకం. ఆ గొప్పే ఇంటి మీదికి తెచ్చింది. గొర్రెకు ఏడాది దాటాకే పాలపళ్ళు ఊడతాయి, నాలుగు నెలల పిల్లకు ఊడుతున్నాయంటే రోగమేనని తేల్చేశాడు. ఇదివరకటి కుక్కలన్నీ మంద వెంట తిరిగి పెరిగినవే, వాటి నోట్లోకి ఆయన ఎన్నడు తొంగిచూశాడు గనుక? మన పిల్లలకు ఊడినట్టే దీనికీ ఊడుతున్నాయేమో, కొన్నాళ్ళు ఆగమని హన్మమ్మ చెప్తే చెవికెక్కించుకోలేదు.

"మీ తమ్ముడు రోగపు కుక్కను నాకంటగట్టిండు. రేపే వాపసిచ్చొస్త. పంచమికి నువ్వు ఆ గడప తొక్కేది లేదు," అన్నాడు.

హన్మమ్మకు ముందు ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. నాగుల పంచమికి తల్లిగారింటికి పోతేనే ఆమె ఏడాదికోసారి కాళ్ళు చాపుకుని కూర్చునేది. అది కూడా ఒక కుక్క పంటితో పోవాలా? ఆ కోపమంతా గిన్నెల మీద చూపించింది.

వారాల తరబడి వానలు పట్టి, ఈరన్న అన్న ఆ 'రేపు' పంచమి ముందటి రోజుకు గాని రాలేదు. పిల్లను గోనెసంచిలో పెట్టబోతూ, పొరుగింటి అనంతయ్య కనబడేసరికి దాని బోసినోరు చూపించాలని వేలు లోపల పెట్టాడు. అది కసుక్కున కొరికింది. అనంతయ్య వంగి చూసి, ముందర తెల్లగా, వెడల్పుగా కొత్త పళ్ళు మొలిచాయని, దీనికి రోగమెక్కడిదని అడిగాడు.

ఈరన్న వేలు పట్టుకుని, దవాఖానకు పోయి సూది వేయించుకోవాలని మాత్రం గొణిగాడు. హన్మమ్మ సబ్బు పెట్టి గాయం కడిగి, లోపలికి వెళ్ళి, ఏనాడో సర్దిపెట్టుకున్న బట్టల సంచితో వచ్చింది.

"పండ్లు లేని కుక్క కరిస్తే సూదెందుకు? సరే, నడువు, ఒకటే బస్సు. నువ్వు దవాఖాన కాడ దిగు, నేను మా తమ్ముని ఊర్ల దిగుత. నేనొచ్చేదాక కుక్కను నువ్వే చూస్కో. చెప్పులు జర పైన పెట్టుకో."