పదకొండు గంటల మాత్ర

నూట ఇరవయ్యో కాలరు మీదికి సూది దిగుతుండగా ఆమె ఎడమ కణతలో సమ్మెట దెబ్బలు మొదలయ్యాయి. కాలర్లు కుట్టడం ఆమె పని. అందుకే ఆ చొక్కాల ఫ్యాక్టరీలో అందరికీ ఆమె కాలరమ్మ. నెత్తిమీది ట్యూబులైటు కళ్ళలో కారం చల్లుతున్నట్టుంది. సగం కాలరు కనబడుతోంది. మిగతా సగం మీద మెరుపు గీతలు పాకుతున్నాయి. ఇంకాసేపట్లో కడుపులో తిప్పుతుందని ఆమెకు తెలుసు. రెండేళ్ళుగా ఇదే వరస.

గంటకు అరవై కాలర్లు కుట్టాలి. ఒకటి తగ్గినా వెనక కూర్చుని చొక్కా చేతులు కుట్టే మనిషికి పని ఆగిపోతుంది. ఆ మనిషి పరాయిది కాదు, స్వయానా తోడికోడలు. ఈ పనిలో పెట్టించిందీ ఆవిడే.

"ఏం చెల్లీ, మహారాణిగారికి మళ్ళీ తలనొప్పా?"

"వాంతొచ్చేలా ఉందక్కా."

"మింగెయ్. నేను రోజూ నాలుగు మాత్రలు మింగి కుట్టట్లా? నాదేమన్నా ఇనప తలకాయా?"

రోజూ పదకొండింటికి సూపర్‌వైజరు తెల్లమాత్రల డబ్బా పట్టుకుని వరస వెంట వస్తాడు. కావాలంటే మధ్యాహ్నమూ ఇస్తాడు. డబ్బులు తీసుకోడు. ఎంత ధర్మాత్ముడో అని కొత్తలో ఆమె కూడా అనుకుంది. తర్వాత తెలిసొచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్ళు కుర్చీలోంచి లేవకూడదు, మందు పడ్డాక ఇంకా నొప్పేమిటి? వేసుకోనివాళ్ళకు అసలు నొప్పే లేదు, అంతా నాటకం. ఎటు తోసినా తలుపుకు గొళ్ళెం బయటినుంచే.

మొన్న సెలవురోజు ఆమె సర్కారు ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ తల పట్టి చూసి, మెడ నొక్కి చూసి, మెల్లగా అడిగింది.

"తలంతా తాడు బిగించినట్టుంటుందా? ఒకపక్కే కొట్టుకుంటుందా?"

"రెండూనమ్మా. రోజూ తాడు బిగించినట్టే ఉంటది. వారానికోసారి ఒకపక్క బద్దలైపోద్ది. వెలుతురు చూడలేను."

"ఒకపక్క వచ్చేది మైగ్రేను. మీ అమ్మకు ఉండేదా?"

"ఉండేది. దెయ్యం పట్టిందని కొట్టేవాళ్ళు."

డాక్టరమ్మ చీటీ దగ్గరకు లాక్కుంది. "ఆ తాడు బిగింపు ఎంచేతో చూద్దాం. నొప్పికి మాత్రలెన్ని వేసుకుంటావ్?"

"రెండేళ్ళనించి రోజుకి రెండు, మూడు. పనిలోవాళ్ళే ఇస్తారు."

"రెండేళ్ళుగానా? అయితే రోజూ వచ్చే నొప్పి ఆ మాత్రలు తెచ్చిపెట్టిందేనమ్మా. మైగ్రేనుకి వేరే మందు రాస్తాను, అది పట్టడానికి నెల పడుతుంది. ఇవి మాత్రం ఆపెయ్. మొదట పదిరోజులు నరకం చూస్తావు. తర్వాత తేలికపడుతుంది. నొప్పి లేచినప్పుడు చీకటిగదిలో పడుకో."

పదిరోజులు! పనిలో పదినిమిషాలు దొరకవు. అయినా ఆమె ఆపింది. ఇవాళ రెండోరోజు.

డబ్బా గలగల దగ్గరకొచ్చింది.

"చెయ్యి పట్టు," అన్నాడు సూపర్‌వైజరు.

"వద్దయ్యా."

"నొప్పి లేదా?"

"ఉంది."

"మరి వేసుకో."

"వేసుకోను. కాసేపు చీకట్లో పడుకోనిస్తే మధ్యాహ్నం కుట్టి పూడుస్తాను."

"పట్టుపరుపు కూడా వేయించండయ్యా!" అంది బొత్తాలు కుట్టే ముసలమ్మ. వరసంతా నవ్వింది.

సూపర్‌వైజరు నవ్వలేదు. "తల నీది, నొప్పి నీది. లైను నాది. అక్కాచెల్లెళ్ళు కలిసొచ్చారు, కలిసే పోండి."

ఆ మాటకు తోడికోడలు లేచింది. డబ్బాలోంచి ఒక మాత్ర అందుకుని, ఎడమచేత్తో ఆమె దవడ పట్టి నొక్కింది. పసిపిల్లకు ఆముదం పట్టేటప్పుడు నొక్కినట్టు నొక్కింది.

"నోరు తెరువే! నా పిల్లల నోట్లో మట్టి కొడతావా?"

కాలరమ్మ పళ్ళు బిగించింది. మాత్ర పెదాలమధ్య నలిగి చేదు దిగింది. ఉమ్మేసింది. ఆ వెంటే వాంతి, ఒళ్ళోని కాలర్ల కట్ట మీద.



"నేను వేసుకోనక్కా," అంది, మూతి తుడుచుకోకుండానే. "నువ్వూ వేసుకోకు."

తోడికోడలు వంగి, నేలమీది మాత్ర ముక్క ఏరుకుని, దుమ్ము ఊదింది. సూపర్‌వైజరు చూస్తుండగా తన నోట్లో వేసుకుని, నీళ్ళయినా తాగకుండా మింగి, మిషను ముందు కూర్చుంది.