ఇరవై ఒక్క అక్షరాల ఖాళీ

లిఖితా, ఆ ఫోన్ పక్కన పెట్టి ఇలా నా దగ్గరికి జరుగు. మీ అమ్మ ధరణి కొలువు ఎందుకు పోయిందో చుట్టాలు తలా ఒక రకంగా చెబుతారు. మీ నానమ్మను, నేను చెప్పేది విను.

ఆ ఉదయం ధరణి పప్పు దించి, మీ నాయినకు డబ్బా కట్టి, నా మాత్రలు నీళ్ల గ్లాసు పక్కన పెట్టింది. తను తిన్నదా లేదా ఎవరమూ అడగలేదు. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి గానీ, మనసంతా తను పనిచేసే శామీర్‌పేట విత్తనాల కంపెనీ ల్యాబులో ఒక కాగితం మీదే ఉంది. సాయంత్రంలోగా దాని మీద సంతకం పెట్టాలి.

మూడేళ్ల కింద దేవరయాంజాల్ రైతు సాలమ్మ దగ్గర చారెడు చిక్కుడు గింజలు తెచ్చింది తనే. "తీస్కపో బిడ్డా, మా అవ్వ నుంచి వస్తున్న గింజ. ఎంత ఎండకైనా సావదు" అని సాలమ్మ కొంగులోంచి తీసి పోసింది. ధరణి వాటిని తీసుకెళ్లి పెద్ద సారు ఫణిభూషణ్ చేతిలో పెట్టింది. ఇప్పుడు ఆ కంపెనీయే ఒక కొత్త చిక్కుడును సొంతంగా పుట్టించామని రిజిస్టర్ చేయిస్తోంది, ధరణి సంతకం అడిగేది ఆ రిపోర్టు మీదే!

ఆకుకు పచ్చదనమిచ్చే హరితరేణువులకు వాటి సొంత రాత, అదే డీఎన్‌ఏ, ఉంటుందట. అది తల్లి మొక్క నుంచే పిల్లకు వస్తుందట. తరాలు గడిచేకొద్దీ ఆ రాతలో ఒకచోట కొన్ని అక్షరాలు ఊడిపోతాయి, ఇంకోచోట కొన్ని వచ్చి చేరతాయి. ఎప్పుడో ఒక తల్లిలో ఊడినవి ఆమె సంతానమంతటిలోనూ ఉండవు. ధరణి నలభై చిక్కుళ్ల రాతలు వరసగా పేర్చి చూసింది. సాలమ్మ చిక్కుడులో ఒకచోట ఇరవై ఒక్క అక్షరాలు లేవు. కంపెనీ చిక్కుడులోనూ సరిగ్గా అక్కడే, సరిగ్గా అన్నే లేవు. మిగతా అన్నిటిలో ఉన్నాయి. యంత్రం తప్పేమోనని వేరే మొక్కల ఆకులు తెచ్చి మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అదే ఖాళీ.

"ఖాళీలున్న చోట్లన్నీ తీసేసి రిపోర్టు ఇవ్వండమ్మా, అందరూ చేసేదేగా," అన్నాడు ఫణిభూషణ్ ముందురోజు. తీసేస్తే నలభై చిక్కుళ్లూ ఒకేలా కనిపిస్తాయి. ఏది ఎవరి బిడ్డో తెలియదు.

"ఆ ఖాళీయే కదా సార్ సాక్ష్యం?"

"మీ ఆడవాళ్లకు ఓపికెక్కువని ఈ పని ఇచ్చాం. ఆలోచించే పని మాకు వదిలెయ్యండి. వెళ్తూ వెళ్తూ నాలుగు టీలు చెప్పండి."

ఓపికట! ఎనిమిది నెలలు కూర్చుని కళ్లు పాడుచేసుకున్నది ఈమె. సభల్లో ఆయన చదివే కాగితాలు రాసిచ్చేది ఈమె. పైన పేరు ఆయనది, టీలు చెప్పాల్సింది ఈమె!

ఇంట్లో మేమేమన్నా తక్కువ తిన్నామా? ఆ రాత్రి మీ నాయిన వీరేందర్ అన్నం కలుపుకుంటూ, "లేని అచ్చరాల కోసం ఉన్న నౌకరి పోగొట్టుకుంటవా? దస్కత్ జెయ్యి జల్దీ, పరేషాన్ జెయ్యకు," అన్నాడు. నేనూ అన్నాను, దాచను. "ఎవరి చిక్కుడో ఏందో, నీకెందుకే? ఇల్లు జూస్కో."

ధరణి గరిటె కింద పెట్టింది. "నేనే తెచ్చిచ్చిన అత్తమ్మా. సాలమ్మ నమ్మి నా చేతుల్లనే పోసింది."

తెల్లారి సాయంత్రం సంతకం పెట్టింది. ఖాళీలు తీసేసిన కాగితం మీద కాదు. ఖాళీలన్నీ ఉన్నచోటే ఉంచి, కింద "తల్లి గింజ ఇచ్చినవారు: సాలమ్మ, దేవరయాంజాల్" అని రాసి, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తనే పంపింది. రెండో ప్రతి తీసుకెళ్లి సాలమ్మకు ఇచ్చింది. మర్నాడు ల్యాబు గేటు దగ్గరే ఆపేశారు.

గుర్తుపెట్టుకో లిఖితా. ఆ గింజ ఎవరిదని అడిగితే సాలమ్మ పేరు చెప్పు. తేల్చిందెవరంటే మీ అమ్మ పేరు చెప్పు. వంటింట్లో నేనన్న మాట కూడా చెప్పు. ముసల్ది బాధపడుతుందని దాన్ని తీసెయ్యకు.