కూర్చోడానికొచ్చినవాడు

మూడో పిరియడ్ గంట కొట్టేసరికి హార్లన్ టోల్వే పద్నాలుగో వ్యాసం దిద్దుతున్నాడు. ఎడమచేతిలో గుడ్డు శాండ్‌విచ్, కుడిచేతిలో ఆకుపచ్చ పెన్ను. యాభై ఎనిమిదేళ్ల మనిషి. వంగిన మెడ, మోచేతుల దగ్గర మెరుపెక్కిన కోటు. అమెరికాలో, మాంటానా రాష్ట్రపు గోధుమ చేల మధ్య డెబ్బై మంది పిల్లలున్న ఆ స్కూల్లో ముప్పై నాలుగేళ్లుగా ఇంగ్లిషు చెప్పేది ఆయనొక్కడే. ఆయన దిద్దిన తప్పుల్ని ఏటా కొత్త పిల్లలు మళ్లీ చేస్తూనే ఉన్నారు. ఊళ్లో ఒక్కరూ ఆయన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు.

"టై కట్టారేంటి సార్, కోర్టుకా?" అంది ముందు వరుసలో పిల్ల.

"నీ వ్యాసం చదివాక కోర్టుకే వెళ్లాలనిపించింది."

క్లాసంతా నవ్వింది.

రెండింటికి బయల్దేరుతుంటే ప్రిన్సిపాల్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "మళ్లీ ఆ సంఘం పనేనా? ఏం ఒరుగుతుంది హార్లన్ నీకు?"

"ఎప్పుడో ఒరిగింది. అందుకే పోతున్నా."

ముప్పై ఒక్కేళ్ల కిందట, పాఠంగా చెప్పిన ఒక నవల బాగాలేదని ఇద్దరు తండ్రులు ఆయన్ని స్కూలు బోర్డు ముందుకు లాగారు. అప్పటికి ఇంగ్లిషు టీచర్ల సంఘంలో చేరి ఏడాది. చేరింది కూడా మొహమాటానికే. ఆ రోజు, పొద్దున స్టాఫ్‌రూంలో భుజం తట్టినవాళ్లంతా ఎవరి ఇళ్లలో వాళ్లున్నారు. ముక్కూ మొహం తెలియని ముగ్గురు మాత్రం మంచు దులుపుకుంటూ వచ్చి ఆయన వెనక వరుసలో కూర్చున్నారు. సంఘం పంపిన టీచర్లు. వాళ్లలో ఒకావిడ జలుబు చేసి తుమ్ముతూనే ఉంది. ముగ్గురూ ఒక్క మాటా అనలేదు. బయటివాళ్లు చూస్తుంటే మనుషుల గొంతులు తగ్గుతాయని ఆయనకు ఆవేళే తెలిసింది. ఉద్యోగం నిలిచింది.

అప్పటినుంచి సంఘం ఎక్కడ కూర్చోమంటే అక్కడికి వెళ్తున్నాడు. ఇవాళ్టిది తొంభై మైళ్లు.

ఆ ఊరి స్కూల్లో స్టీలు మడతకుర్చీలు వేసి ఉన్నాయి. ఆనాడు వెనక వరుసలో తుమ్మిన ఐరిస్, ఇప్పుడు డెబ్బై ఆరేళ్లావిడ, ముందే వచ్చి కూర్చుంది. వాళ్ల ముందు కొరిన్. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కాలేదు. నవల చెప్పినందుకే ఆమెనూ తీసెయ్యమంటున్నారు. తల తిప్పి చూసింది.

"మీరెవరండీ?"

"సంఘం నుంచి. ఉత్తరం రాశావట," అన్నాడు హార్లన్.

"ఏదైనా సలహా చెప్తారేమోనని రాశా."

"మా దగ్గర సలహాల్లేవమ్మా. కూర్చుంటాం," అంది ఐరిస్.

బోర్డు అధ్యక్షుడు కళ్లజోడు మీదనుంచి చూశాడు. "మీరు మా ఊరివాళ్లు కారే. ఏమైనా మాట్లాడాలా?"

"లేదండి. కూర్చోడానికొచ్చాం," అన్నాడు హార్లన్.

ఫిర్యాదు చేసినాయన లేచాడు. అరవాలనే వచ్చాడు. హార్లన్ ఆయన్నే చూస్తున్నాడు, కోపంగా కాదు, పిల్లాడి వ్యాసం చదివినట్టు. లేచినాయన రెండు కాగితాలు చదివి, మూడోది మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొరిన్ ఉండాలని మూడు చేతులు లేచాయి. రెండు లేవలేదు.

బయట కారు దగ్గరికి కొరిన్ గబగబా వచ్చింది. "మీకేం చెప్పాలో..."

"ఏం చెప్పకు. ఎప్పుడో నీకూ ఫోనొస్తుంది. ఆరోజు రోడ్డు బాగోదు, నీ ఒంట్లోనూ బాగోదు. అయినా వెళ్లు."

ఈ ఉద్యోగం తనకేమీ ఇవ్వలేదని కనిపించినవాడికల్లా చెప్పే మనిషి, తిరిగొచ్చిన తొంభై మైళ్లూ ఆ మాట అనుకోలేదు.

మార్చిలో వాకిట్లో మంచు తోస్తూ కూలబడ్డాడు. పక్కింటివాళ్లు చూసేసరికి ప్రాణం లేదు.

స్పొకేన్ నుంచి చెల్లెలు వచ్చి సామాన్లు సర్దింది. కారు వెనక సీట్లో గోధుమరంగు ఊలు మెత్త ఒకటి దొరికింది. ఎందుకో ఆమెకు తెలియలేదు. సరిగ్గా మడతకుర్చీకి పట్టేంత ఉంది, అంచులు రెండుసార్లు కుట్టి ఉన్నాయి, మధ్యలో మాత్రం ఊలు అరిగి, మనిషి కూర్చున్నంత మేర గుంటపడి ఉంది.