కాలిన కప్పు

మేం తవ్వుతున్న సొరంగంలో డీజిలు డ్రమ్ములంటుకుని రెండు రోజులు మండాయి. మా పంపు ఆపరేటరు లోపలే చచ్చిపోయాడు. కాంట్రాక్టరు ముందు డ్రిల్లింగు యంత్రాన్ని బయటికి లాగించాడు, ఆ తర్వాత శవాన్ని. ఆ వరసలో మనిషి విలువెంతో మేం కళ్లారా చూశాం.

మూడో రోజు పొద్దున్నే ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని మాకు ఉపన్యాసం దంచాడు.

"మంటార్పి, నీళ్లు కొట్టి చల్లార్చాం. ఇంకేం భయం? రాయి కాలుతుందట్రా ఎక్కడైనా? పదండి లోపలికి!"

పక్కన ఇంజనీరు తలూపాడు. ఆ తల ఆయనకి ఉన్నదే ఊపడానికి.

మాలో పెద్దది, కంకర కొట్టే ముసలమ్మ. అందరికీ అత్తే. ముందుకొచ్చింది.

"ఏం బాబూ, మర్చిపోయావా? నీ క్వారీలో ఇరవయ్యేళ్లు చేశాను. బండ మొండికేస్తే దానిమీద పాత టైర్లు కాల్పించేవాడివి. బాగా కాగాక నీళ్లు కుమ్మరించమనేవాడివి. ఎందుకట?"

కాంట్రాక్టరుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"నే చెప్తా. రాయంటే రకరకాల రవ్వల ముద్ద. వేడికి ఒక్కో రవ్వ ఒక్కోలా ఉబ్బుతుంది. ఒకదాన్నొకటి నెట్టుకుని లోపలంతా వెంట్రుకల్లా పగుళ్లు పడతాయి. చన్నీళ్లు పడితే ఇంకా విచ్చుకుంటాయి. పైకి బండే, కొడితే బెల్లం ముక్క. ఇప్పుడు అదే మంట, అవే నీళ్లు మా నెత్తిమీది కప్పుకి తగిలాయి."

"అది క్వారీ. ఇది సొరంగం," అన్నాడు ఇంజనీరు. పదహారేళ్ల చదువు మరి!

మాలోనూ తెలివితక్కువవాళ్లున్నారు. "అంత మంటకే పడనిది ఇప్పుడు పడుతుందా అత్తా? పని పోతే పస్తులే," అన్నాడు డ్రిల్లరు.

"పడలేదని గట్టిదనుకుంటున్నావా? రా, కొట్టి చూడు."

డ్రిల్లరు సొరంగం మొదట్లో, మంట తగలని చోట కప్పు మీద సుత్తి వేశాడు. ఖంగుమంది. మసి మొదలైన చోట, గట్టి కప్పు కిందే నిలబడి చెయ్యి చాచి వేశాడు. డొల్లగా మోగింది. ఇంకో దెబ్బకి తలుపంత పెచ్చు ఊడిపడింది. చిన్న ముక్క తీసి నలిపితే పిడికిట్లో పొడైంది. డ్రిల్లరు సిగ్గుతో ఏడ్చాడు.

"మేం పోం!" అన్నాం నలభై మందిమీ.

పోలీసులొచ్చారు. రాయి సంగతి చెప్పినందుకు అత్తని జీపెక్కించారు. కూలీల్ని రెచ్చగొట్టిందట! ఇంజనీరు అప్పుడూ తలూపాడు.

మధ్యాహ్నానికి లారీలో కొత్త కూలీలు దిగారు. డ్రిల్లరు వాళ్లకి అడ్డంగా నిలబడి జరిగిందంతా చెప్పాడు. వాళ్ల మేస్త్రీ డ్రిల్లరు చేతిలోని పెచ్చు ముక్క తీసుకుని వేళ్ల మధ్య నలిపి, కాంట్రాక్టరు వైపు తిరిగాడు.

"కప్పు గట్టిదేనంటారుగా? ముందు మీరు నడవండి సార్. మీ వెనకే మేం."

ఇంతసేపూ మమ్మల్ని లోపలికి తోసిన శూరుడు గబగబా కారెక్కి అద్దాలు ఎత్తేసుకున్నాడు.

కొత్తవాళ్లు వచ్చి మాలో కలిశారు. నలభై మందిమి వందయ్యాం. అందరం కలిసి పోలీస్ స్టేషను దారి పట్టాం, మా అత్తని తెచ్చుకోడానికి.