మిషనుకి నాలుగడుగులు

మంగళవారం పొద్దున కొట్టు యజమాని వచ్చి, "అమ్మా, ఆదివారానికల్లా కొట్టు ఖాళీ చెయ్యాలి. మా అబ్బాయి ఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకుంటాడట," అని చెప్పి, తనకోసం కుట్టి ఉంచిన చొక్కా చంకన పెట్టుకుని మరీ వెళ్లాడు. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ టైలరమ్మ అని పిలిచే ఆ మనిషి, చేతిలో ఉన్న గౌను కత్తిరించడం పూర్తిచేసింది. గుడ్డ పాడవకూడదు కదా. ఆ తరవాతే కూలబడింది.

సాయంత్రం అన్నాల దగ్గర విషయం చెప్పింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కాపురం మాత్రం లిఫ్టు లేని మూడో అంతస్తులో.

"వేరే కొట్టు చూసుకో," అన్నాడు.

"చూశాను. అద్దె దీనికి రెట్టింపు. నేను కుట్టిందంతా కొట్టుకే పోస్తే మనం గాలి మేసి బతకాలి."

"అయితే మిషను అమ్మేద్దాం. పక్కవీధి పరుపుల షాపాయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. నువ్వు బట్టల ఫ్యాక్టరీలో చేరు."

ఫ్యాక్టరీ అంటే పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి ఎనిమిదింటికి రావడం. అక్కడ రోజంతా కాలర్లే కుట్టాలి, లేదా రోజంతా జేబులే. పన్నెండేళ్లుగా తన కత్తెర, తన లెక్క, తన ఖాతాదారులు.

"అమ్మను. ఇంట్లో పెట్టుకుంటాను."

భర్త పకపకా నవ్వాడు. "ఎక్కడ? నా నెత్తిమీదా?"

"పెట్టేదాన్నే. నున్నగా ఉంది, జారిపోతుంది."

అత్తగారికి పొలమారింది. తొమ్మిదేళ్ల కూతురు, ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచేది, నానమ్మ వీపు మీద చరిచింది.

భర్త నవ్వుతూనే పందెం వేశాడు. "నీ మిషను బల్ల నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఆదివారం మధ్యాహ్నానికి అంత ఖాళీ నేల చూపించు. నేనే మోసుకొస్తా. లేదంటే పరుపులాయనకి ఫోను చేస్తా. ఒకటే షరతు, కొత్త సామాను కొనకూడదు."

"నాదింకో షరతు," అంది అత్తగారు. "నా మంచం కదపకూడదు. కిటికీలోంచి వీధి చూడకపోతే నాకు ముద్ద దిగదు."

"సరే అత్తయ్యా," అని మాటిచ్చింది టైలరమ్మ.

రెండు గదులు, ఒక వంటిల్లు. అందులో ఖాళీ నేల అంటే చీపురు పెట్టుకునే మూల ఒక్కటే. వీధి తలుపు సగమే తెరుచుకునేది. దాని వెనక భర్త చవగ్గా వచ్చాయని కొన్న సబ్బుపొడి డబ్బాలు పన్నెండు, ఆపైన ఎప్పటికీ మాడిపోని బల్బులు ఒక అట్టపెట్టెడు. బుధవారం అక్కణ్ణుంచే మొదలుపెట్టింది. మూడు డబ్బాలు ఉంచుకుని, మిగతావి కొన్న ధరకే అంతస్తుకి మూడు చొప్పున, బల్బులతో సహా పంచేసింది.

"చవగ్గా కొన్నానే!" అని భర్త లబలబలాడాడు.

"ఇంటికి అద్దె కట్టేది మనం. ఈ డబ్బాలు ఉచితంగా కాపురం ఉంటున్నాయి. ఇదేం చవక?"

ఆ సాయంత్రం తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఇన్నేళ్లలో మొదటిసారి అది గోడకి తగిలి ఠాప్‌మని చప్పుడయ్యేసరికి, ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చి ఏం పడిందని అడిగింది.

గురువారం పాత జీన్సు ప్యాంట్ల జేబులన్నీ కోసి, ఒక దుప్పటి ముక్క మీద వరసగా కుట్టి, తలుపు వెనక వేలాడదీసింది. చెప్పులు, దువ్వెనలు, కరెంటు బిల్లులు, పిడుగు రంగు పెన్సిళ్లు, ఎవరి జేబు వాళ్లకి. చలికాలం రగ్గుల్ని దిండు గలీబుల్లో కుక్కి మూతి కుట్టేసింది. అవి కూర్చోడానికి మెత్తలయ్యాయి, బీరువా పైన అటక ఖాళీ అయ్యింది.

శుక్రవారం వడ్రంగిని పిలిచింది. ముందుగదిలో భోజనాల బల్ల ఒకటి ఉండేది. దానిమీద భోజనం తప్ప అన్నీ జరిగేవి. ఎప్పుడు చూసినా ఉతికిన బట్టల గుట్టే.

"దీన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాడు వడ్రంగి.

"పైచెక్క సగానికి కోసి వంటింటి గోడకి బందులతో బిగించు బాబాయ్. కావాలంటే దించుకుంటాం, తిన్నాక పైకి మడిచేస్తాం. కాళ్లు జానెడు జానెడు ముక్కలు కోసి ఇవ్వు."

"ముక్కలెందుకు?"

"అత్తయ్య మంచం కోళ్ల కింద పెట్టడానికి."

అత్తగారు లేచి కూర్చుంది. "కదపొద్దన్నానా?"

"కదపడం లేదత్తయ్యా. ఉన్నచోటే పైకి లేపుతున్నాం. కింద పెట్టెలు పడతాయి. మోకాళ్ల నొప్పికి ఎత్తు మంచమే మంచిదని డాక్టరు చెప్పలేదూ?"

"డాక్టరు చెప్పినవన్నీ నీకే గుర్తుంటాయి!" అని గొణుక్కుంటూ దిగింది అత్తగారు. సాయంత్రం ఎక్కి కూర్చుని, వీధి ఇంకాస్త దూరం కనపడుతోందని తనలో తనే చెప్పుకుంది. కూలి కింద టైలరమ్మ వడ్రంగికి రెండు ప్యాంట్లు పొట్టిచేసి ఇచ్చింది.

ఇక మిగిలింది ముందుగది పొడుగు గోడ. ఒక చివర కిటికీ పక్కన మంచం, ఇంకో చివర బీరువా. మధ్యలో భోజనాల బల్ల పోయిన చోటు.

శనివారం పొద్దున టైలరమ్మ తనకి చేతనైన పద్ధతిలో కూర్చుంది. గుడ్డ తక్కువున్నప్పుడు ముందు కాగితం ముక్కలు కత్తిరించి, గుడ్డ మీద అటూ ఇటూ జరిపి చూస్తుంది. ఇదీ అంతే అనుకుంది. నేల మీద వార్తాపత్రిక పరిచి, అడుక్కి అంగుళం చొప్పున గోడ గీసింది. మంచం, బీరువా, మిషను టేపుతో కొలిచి, సుద్దతో గీసి, కాగితం ముక్కలు కత్తిరించింది.

పట్టలేదు.

ముక్కలు తిప్పింది. బీరువాని మూలకి నెట్టింది. మళ్లీ మొదటినుంచీ కొలిచింది, మళ్లీ కత్తిరించింది. ఎలా పేర్చినా దాదాపు మూడడుగులు చాలడం లేదు.

"అమ్మా, మిషను టీవీ మీద పెట్టెయ్," అంది పిడుగు.

"నోర్ముయ్యవే."

భర్త పనిలోంచి ఫోను చేశాడు. "పరుపులాయన అడుగుతున్నాడు. ఏం చెప్పను?"

"రేపు మధ్యాహ్నం దాకా గడువిచ్చారు కదా. మాట మీద ఉండండి," అని పెట్టేసింది.

అత్తగారు ఎత్తు మంచం మీంచి మెల్లిగా దిగి వచ్చి, వంగి చూసింది. "ఈ పొడుగు ముక్కేమిటి?"

"మీ మంచం."

"ఇదా? ఇంత వెడల్పే! దీని మీద నాతోపాటు ఎదురింటావిడ కూడా పడుకోవచ్చు. ఆవిడేమన్నా చిన్న మనిషా?"

టైలరమ్మ నవ్వబోయి ఆగింది. కాగితం మంచం మీద టేపు పెట్టింది. పొడుగు ఏడంగుళాలు. అసలు మంచం ఆరడుగులే. బీరువా మూడడుగులు, కాగితం నాలుగంగుళాలు. మిషను ముక్క కూడా అంతే, ఒక అంగుళం ఎక్కువ.

నుదురు కొట్టుకుంది. "అయ్యో నా చేతులు కాలా! అన్నిటికీ కుట్టుకి గుడ్డ వదిలాను, అత్తయ్యా!"

పన్నెండేళ్ల అలవాటు. కొలత ఎంతున్నా చుట్టూ అరంగుళం వదిలి కత్తిరించడం ఆమె చేతికి ఊపిరి పీల్చుకున్నట్టే. బీరువాకి కుట్టేముంటుందని మనసు అడగలేదు, కత్తెర ఆగలేదు. కాగితం మీద అరంగుళమంటే నేల మీద అరడుగు. ప్రతి సామానూ ఇటు అరడుగు, అటు అరడుగు లావెక్కి కూర్చుంది.

"ఇంకా నయం, బీరువాకి బొత్తాలు పెట్టలేదు," అంది అత్తగారు.

టైలరమ్మ గబగబా చుట్టూ అంచులు కత్తిరించేసింది. ఇప్పుడు పేర్చింది. గోడ పదమూడడుగుల నాలుగంగుళాలు. మంచం ఆరు, బీరువా మూడు, మిషను నాలుగు. పట్టింది. మంచానికీ బీరువాకీ మధ్య సరిగ్గా ఇమిడింది.

కానీ ఆమె మొహం పూర్తిగా విప్పారలేదు. గది మధ్యలో వెలుతురు ఉండదు. సాయంత్రం నాలుగయితే నల్లగుడ్డ మీద నల్లదారం కనపడదు. వెలుతురంతా కిటికీ దగ్గరే. కిటికీ దగ్గర మంచం. మాటిచ్చింది కనక ఆ ముక్క జోలికి పోలేదు.

అత్తగారు కాగితాల వంక చాలాసేపు చూసింది. "చీకట్లో కాజాలెలా కుడతావే?"

"లైటు వేసుకుంటాను."

"పగలంతా వేస్తే కరెంటు బిల్లు ఏ జేబులో పెట్టుకుంటావు?" అంటూ ఆవిడ కాళ్లు చాపి నేలమీద చతికిలబడి, కాగితం మంచాన్ని ఒక్క వేలితో బీరువా దాకా జరిపింది. ఖాళీ అయిన కిటికీ పక్కన మిషను ముక్క పెట్టింది. "నేను తల అటు పెట్టి పడుకుంటే కిటికీ ఎదురుగానే ఉంటుంది."

"అత్తయ్యా, మీకు వీధి..."

"నువ్వు ఫ్యాక్టరీకి పోతే పొద్దస్తమానం నేను ఈ బీరువాతో మాట్లాడాలి. అది నోరు తెరిస్తే కిర్రుమంటుంది తప్ప జవాబు చెప్పదు. నువ్వు ఎదురుగా ఉంటే వచ్చేపోయేవాళ్లన్నా ఉంటారు. వీధే పైకి వస్తుంది." మిషను ముక్క వైపు వేలు చూపించింది. "మిషను గోడకి ఆనించకు. చప్పుడు పక్కింటికి పోతుంది."

ఆ మధ్యాహ్నమే పిడుగు ఒక పక్క, టైలరమ్మ ఒక పక్క పట్టి మంచం జరిపారు.

ఆదివారం పదకొండింటికి భర్త తన ఇనప టేపు తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒకసారి కొలిచాడు. నమ్మకం కుదరక రెండోసారి కొలిచాడు. "నాలుగడుగుల నాలుగంగుళాలు," అన్నాడు చిన్నగా.

"నాలుగడుగులే అడిగారు," అంది టైలరమ్మ. "లేవండి. బరువు మీరే మోస్తానన్నారు."

పక్కింటాయన సాయం పట్టగా, మెట్టుకొక మూలుగు చొప్పున మిషను మూడంతస్తులు ఎక్కింది. తలుపు ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంటోంది కనక ఎక్కడా తట్టుకోకుండా లోపలికి వచ్చింది. గోడకి రెండు వేళ్ల ఎడం ఉంచి, కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేసి, కిటికీ పక్కన నిలబెట్టారు. ఎండ సూది మీద పడింది.

భర్త చెమట తుడుచుకుని, "మరి పరుపులాయనకి నువ్వే చెప్పు," అని ఫోను అందించాడు.

అవతలాయన ఇంకాస్త ఎక్కువ ఇస్తానన్నాడు. ఇంకొంచెం అన్నాడు.

"ధర సంగతి కాదండీ," అంది టైలరమ్మ. "అమ్మడం లేదు. దీనిమీద రేపటికి మూడు గౌన్లు కుట్టాలి."

ఫోను భర్త చేతిలో పెట్టి, కుర్చీ ముందుకి లాక్కుని, దారం కొస తడిచేసి సూదిలోకి ఎక్కించింది.